పచ్చబొట్టు సూది

తెలుగుదేశమునఁ బచ్చబొట్టు తరతరములనుండి వచ్చుచున్న దేహాలంకారము. ముంజేతిమీఁది తులసికోట, గడ్డముమీఁది చుక్క, మణికట్టు చుట్టివచ్చిన గీఁతలు, భుజముమీఁది పేరు మొదలగు రూపములు పల్లెలలోని ముదుసళ్ల దేహములమీఁద నేఁటికిని గనఁబడుచున్నవి. నగలు తాకట్టునకుఁ బోవును, చీరలు చివికిపోవును, పచ్చబొట్టు మాత్రము కాటిదాఁక వెంట వచ్చునని జనుల విశ్వాసము. ఈ రూపముల యర్థమును గూర్చియు, వానిని పొడిపించుకొను జాతుల యాచారములను గూర్చియు విద్వాంసులు కొంత వ్రాసియున్నారు. రూపమును చర్మమున నిలుపు సూదిని గూర్చి విచారించినవారు మాత్రము తక్కువ.

సూది యల్పవస్తువని తోఁపవచ్చును. అయినను పచ్చబొట్టు నిలుచుటయు, చెదరుటయు, పుండుపడుటయు, మాసిపోవుటయు దానినే యాశ్రయించియున్నవి. అది యొంటిదై యుండవలెనా, కట్టయై యుండవలెనా, మొన యెంత సన్నమై యుండవలెను, ఎంత లోఁతు దిగవలెను, ఒక పోటునకును మఱియొక పోటునకును నడుమ నెంత యెడము విడువవలెను అను ప్రశ్నలకు సమాధానము తెలిసినవారే యీ పనికి నర్హులు. తెలుగునాట నీ జ్ఞానము ముఖ్యముగా నెఱుకల స్త్రీల చేతులయం దుండెను. అది యే గ్రంథమునకు నెక్కలేదు. ఇతరదేశములలోని పనిముట్లతోను, మన వైద్యగ్రంథములలోని శస్త్రములతోను బోల్చి చూచినయెడల, ఆ స్త్రీలు సూదుల నేర్చుకొన్న విధమునం దొక క్రమబద్ధమైన శాస్త్రజ్ఞానము గలదని విశదమగును.

మొదట శబ్దమును విచారింపవలెను. తెలుగున ‘పచ్చబొట్టు’, తమిళమున ‘పచ్చై కుత్తుదల్’, కన్నడమున ‘హచ్చె’ అను పదములు వ్యవహారమున నున్నవి. పూర్వకన్నడమునందలి పదాది పకారము తరువాతి కాలమున హకారమగుట ప్రసిద్ధము. పాలు ‘హాలు’ అయినట్లే పచ్చె ‘హచ్చె’ అయినది. కాఁబట్టి యీ మూఁడు భాషలయందును బేరు వర్ణమునుబట్టి వచ్చినదే. హిందీభాషయందలి ‘గోద్నా’ అను పదమన్ననో పొడుచుట యను క్రియనుబట్టి వచ్చినది. దక్షిణదేశీయులు ఫలమునుబట్టియు, ఔత్తరాహులు క్రియనుబట్టియు నొకే వస్తువునకుఁ బేరు పెట్టిరని చెప్పవచ్చును.

తెలుగువారు క్రియను విస్మరింపలేదు. సూదితోఁ జేయు పనులకుఁ దెలుగున వేఱువేఱు ధాతువులు గలవు. చెవులు కుట్టుదురు, పూసలు గ్రుచ్చుదురు, పచ్చబొట్టు పొడుచుదురు. కుట్టునప్పుడు సూది యీవలినుండి యావలికి దాఁటి దారమునో తీఁగనో వెంటఁ గొనిపోవును. గ్రుచ్చునప్పుడు వస్తువు సూదిమీఁదికో దారముమీఁదికో చేరి నిలుచును. పొడుచునప్పుడు సూది తాను దిగిన త్రోవనే వెనుకకు వచ్చును, ఆవలికి దాఁటదు. తేలు కుట్టినదనుచో అర్థము కొంత వేఱయినను, మనుష్యుఁడు సూది పట్టి చేయు పనులయం దీ భేదము స్పష్టము. పచ్చబొట్టు విషయమున నెవ్వరును ‘కుట్టుట’ యనరు. సూది చర్మమును దాఁటిపోరాదనియు, కొంతవఱకు దిగి మరలవలెననియు నీ వాడుకయే తెలుపుచున్నది.

ఇఁక వర్ణమును గూర్చి యొక సందేహము కలుగును. పచ్చబొట్టునకు వాడు రంగు సాధారణముగా మసి, అనఁగా నలుపు. నల్లని వస్తువును బెట్టఁగా నది పచ్చయెట్లయ్యెను? దీనికి సమాధానము లోఁతునందున్నది. మన చర్మమునకు రెండు పొరలు ముఖ్యములు. పైపొర మిక్కిలి పలుచనిది. అది నిత్యమును రాలి క్రొత్తది పుట్టుచుండును. దాని క్రిందిపొర దళసరియైనది, స్థిరమైనది. మసి పైపొరయందే నిలిచినచో కొన్ని వారములలో నా పొరతోఁ గూడ రాలిపోవును. క్రిందిపొరను జేరినచో నిలుచును. అట్లు నిలిచిన నలుపును మనము పైపొరల గుండఁ జూచునప్పుడు, వెలుతురునందలి యెఱుపు మొదలగు కిరణములు లోనికిఁ బోయి యణఁగును. నీలికిరణములు చెదరి మరలివచ్చును. చేతిమీఁది నరములు నీలముగాఁ గనఁబడుటకును ఇట్టి కారణమే గలదు. అందుచేత లోపలి నలుపు వెలుపలికి నీలముగాను, పచ్చగాను దోఁచును. పచ్చయను పేరు రంగుతోడనేగాక లోఁతుతోడను సంబంధించినదని దీనివలనఁ దేలుచున్నది.

పేరునకు మఱియొక కారణమును జెప్పుదురు. గుంటగలగరాకు పసరును బచ్చబొట్టునకు వాడు నాచారము 19వ శతాబ్దపు ఓషధిగ్రంథములయందుఁ బేర్కొనఁబడినది. చర్మమును ముందుగాఁ బొడిచి, పిదప నా పచ్చియాకును దానిపై రుద్దుదురు. ఆకు పచ్చదనమునుబట్టియే పేరు వచ్చెనని యనవచ్చును. ఈ రెండు కారణములలో నేది ముందని నిర్ణయించుట కష్టము. సూదిదృష్టితోఁ జూచినప్పు డొక భేదము మాత్రము గమనింపవలెను. సూదిని రంగునందు ముంచి పొడుచుట యొక పద్ధతి. ముందు పొడిచి పిదప రంగును రుద్దుట రెండవ పద్ధతి. మొదటిదానియందు సూదియే రంగును మోయవలెను; రెండవదానియందుఁ జాలినన్ని రంధ్రములు చేసిన చాలును. పద్ధతినిబట్టి సూది మాఱవలసియున్నది.

లోహపు సూది పుట్టకముందే మనుష్యుఁ డీ కళ నెఱిఁగియుండెను. 1991వ సంవత్సరమున ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దునందలి యాల్ప్సు పర్వతములపై మంచునఁ గప్పఁబడిన యొక పురుషుని శరీరము దొరకెను. అతఁడు సుమారు 5300 సంవత్సరములకుఁ బూర్వమున జీవించినవాఁడు. అతని దేహముమీఁద 61 గుర్తులు లెక్కింపఁబడినవి. చర్మమును రాతితోఁ గోసి మసిని రుద్దుటచేత నీ గుర్తు లేర్పడెనని పెక్కేండ్లు పండితులు తలఁచిరి. ఎముకతోను, రాతితోను, లోహముతోను సమకాలికుని చర్మమున గుర్తులు వేయించి, మానిన పిదప వానిని పోల్చి చూచిన పరిశోధనము 2024వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. దాని ననుసరించి యా గుర్తులు కోఁతవలనఁ బుట్టినవి కావు. ఒంటిమొనగల పనిముట్టుతో మాటిమాటికిఁ బొడుచుటవలనఁ బుట్టినవని తోఁచుచున్నది. కోఁత గీఁత సన్నమై కొనలయందుఁ దేలిపోవును. పోటు గీఁత గుండ్రని చుక్కల చేరికయై కొనలయందు మొద్దుగా నుండును. మానిన చర్మమే యే పనిముట్టు తన్ను దాఁకినదో సాక్ష్యమిచ్చుననుటకు నిది మంచి నిదర్శనము.

అమెరికాఖండమునందలి యూటా ప్రాంతమున 1972వ సంవత్సరమునఁ ద్రవ్వకములలో దొరకిన యొక చిన్న పనిముట్టు చాలకాలము భద్రశాలయందుఁ బడియుండి, 2019వ సంవత్సరమునఁ బచ్చబొట్టు సాధనముగా గుర్తింపఁబడెను. అది సుమారు 2000 ఏండ్ల నాఁటిది. చిన్న కఱ్ఱపిడికి రెండు నాగజెముడు జాతి ముండ్లు ప్రక్కప్రక్కన నారతోఁ గట్టఁబడియున్నవి. మొనలయందు నల్లరంగు మిగిలియున్నది. ఒక్క ముల్లు చాలక రెంటిని జేర్చి కట్టిరనుట గమనింపఁదగినది. మన దేశమున నీలగిరులయందలి తోడవారును ముల్లునే వాడిరి. అది మ్రానిపసుపు జాతి చెట్టు ముల్లు; దానిని మసినీటితోఁ గూర్చి చర్మమునఁ జుక్కలను బొడిచెడివారు. తోడవారి రూపములు చుక్కలు, చుక్కల వరుసలు, వలయములు. ఒంటిముల్లున కనుకూలమైనవి యవియే.

పసిఫికు మహాసముద్రమునందలి దీవులవారి పద్ధతి వేఱు. తహితి, సమోవా దీవులయందు ఎముకనో, దంతమునో పండ్లు గల దువ్వెనవలెఁ జెక్కి, దానిని బిడికిఁ గట్టి, రంగునందు ముంచి చర్మముపై నుంచి, చిన్నకఱ్ఱతోఁ గొట్టుదురు. కుక్కు అను నావికుఁడు 1769వ సంవత్సరమునఁ దహితికిఁ బోయినపు డీ పని యూరోపువారి కంటఁబడెను. ‘టాటూ’ అను పదమును ఆ దీవుల భాషనుండియే యింగ్లీషునకు వచ్చెను. న్యూజీలండునందలి మావోరీలు మొదట నుపయోగించినది యెముకతోఁ జేసిన యులి. అది చర్మమును చెక్కి గాడి చేయును. అందుచేత వారి ముఖములమీఁది రూపములు తాఁకిన వ్రేలికిఁ దెలియును. ముల్లు చుక్కను, దువ్వెన పట్టెను, ఉలి గాడిని బుట్టించుచున్నవి. ఆయాదేశముల రూపములయం దుండు వైలక్షణ్యమునకు రుచిభేదము మాత్రమే కాక పనిముట్టును గారణమని దీనివలన గ్రహింపవచ్చును.

మన ప్రాచీనవైద్యులు సూదినిగూర్చి చెప్పిన విషయములు మిక్కిలి సూక్ష్మములు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 25వ యధ్యాయమునందు వ్రణములు కుట్టుటకు మూఁడు విధములగు సూదులు చెప్పఁబడినవి. మాంసము తక్కువగల చోటులయందును, సంధులయందును రెండంగుళముల గుండ్రని సూది. మాంసలప్రదేశముల మూఁడంగుళముల మూఁడంచుల సూది. మర్మములయందును, ఉదరమునందును వింటివలె వంగిన సూది. అవి వాఁడిమొన గలవియై, మాలతీపువ్వు తొడిమ కొనవలె గుండ్రముగా నుండవలెనఁట. కుట్టు మిక్కిలి యెడముగాఁ బడరాదు, మిక్కిలి దగ్గఱగాఁ బడరాదు. ఎడమైనచో నొప్పి, దగ్గఱయైనచో వ్రణపుటంచు తెగుట యని యందే చెప్పఁబడినది. ఆ స్థానమునందే 16వ యధ్యాయమునఁ గర్ణవేధవిధి గలదు. పలుచని చెవిని సూదితోను, దళసరి చెవిని ఆరతోను బొడువవలెనని యందలి నియమము. చెప్పులు కుట్టువారి ‘ఆరె’ అను తెలుఁగుపద మీ ‘ఆర’ శబ్దమునకు వికృతియే. చర్మపు మందమునుబట్టి పనిముట్టు నేర్చుకొనవలెనను సూత్ర మిచ్చట స్పష్టముగా నున్నది.

వాగ్భటుని యష్టాంగహృదయమున శస్త్రవిధి యను సూత్రస్థానపు 26వ యధ్యాయమునందు ‘కూర్చము’ అను శస్త్రము వర్ణింపఁబడినది. గుండ్రని యొకే పీఠమునందు ఏడో యెనిమిదో సూదులను గట్టిగా బంధించినచో నది కూర్చము. నీలిక, వ్యంగము అను చర్మవర్ణదోషములయందును, వెండ్రుకలు రాలుటయందును, చర్మమును గ్రుచ్చి కొట్టుట కిది యుపయోగపడును. ఎఱుకల స్త్రీ చేతి సూదికట్టయును, వైద్యుని కూర్చమును నిర్మాణమున నొకే జాతివి. ప్రయోజనమున మాత్రము విపరీతములు. వైద్యుఁడు చర్మమునందలి నీలమును బోఁగొట్టుటకుఁ గూర్చమును బట్టెను. ఎఱుకలసాని నీలమును నాఁటుటకు సూదికట్టను బట్టెను. ఒకరినుండి యొకరు నేర్చిరని చెప్పుటకు నాధారము లేదు. చెప్పవలసిన పనియు లేదు. ఒంటిమొనతోఁ గాని పనిని పలుమొనల కట్టతో సాధింపవచ్చునను విషయ మిరువురకును దమతమ యనుభవమునుండియే తెలిసియుండవచ్చును. అయిన నొకరి జ్ఞానము శ్లోకమై నిలిచినది. రెండవవారిది చేతినుండి చేతికి మాత్రమే వచ్చినది.

ఎఱుకల స్త్రీలను సాహిత్యము మఱచిపోలేదు. కొరవంజులయందును, యక్షగానములయందును నామె బుట్ట చేతఁబట్టి వచ్చి యెఱుక చెప్పును. ఆమె నాలుకకు దక్కిన ప్రసిద్ధి యామె సూదికి దక్కలేదు. ఆ సూదిని గూర్చిన వివరణము మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల యధ్యక్షుఁడుగా నుండిన యెడ్గరు థర్‌స్టన్ గ్రంథములయందు లభించుచున్నది. ఆయన దక్షిణదేశపు జాతులను గూర్చిన యేడు సంపుటములు 1909వ సంవత్సరమున వెలువడినవి. కొరవ స్త్రీలు పచ్చ పొడుచు విధమును వర్ణించుచు నాయన చెప్పిన విషయముల సారమిది. వారి పనిముట్లు బట్టలు కుట్టుకొను సాధారణపు సూదులు. మూఁడింటినో నాలుగింటినో చేర్చి దారముతోఁ గట్టి పొడుతురు. పొడిచినచోటఁ బసుపు కలిపిన నీటిని రాయుదురు. అది రంగును గాఢము చేయుననియు, వాపును రానీయదనియు వారి యభిప్రాయము.

రంగును జేయు విధమును నాయనయే చెప్పియున్నాఁడు. పసుపును, అవిసె యాకును గూడ నూఱి, పలుచని గుడ్డమీఁదఁ బఱచి, వత్తిగాఁ జుట్టి, ఆముదపు దీపమున వెలిఁగింతురు. దానిపైఁ గ్రొత్తకుండను బోర్లింతురు. కుండలోపలఁ బట్టిన మసిని గీఁకి, చనుబాలతోనో నీటితోనో కలుపుదురు. మన యిండ్లలోఁ గాటుక పట్టు విధమునకును దీనికిని భేద మత్యల్పము. ఆకును గాల్చిన పిదప దాని పచ్చదనము మిగులదు, మిగులునది మసియే. కాని యట్టి మసి మిక్కిలి సన్ననిది. అది సూదిమొనలకుఁ జక్కఁగా నంటుకొనును. చర్మమునందు గరుకుగా నిలువదు. సూది, మసి యొండొంటికిఁ దగినవిగా నుండవలెను. సూది యెంత సన్నమైనను మసి పలుకులుగా నున్నచో పని చెడును.

సాధారణపుసూదియే పచ్చబొట్టు సూది యైనందున, తెలుగుదేశమున నీ పనికిఁ బ్రత్యేకముగాఁ జేసిన పనిముట్టు లేదని యొకరు తక్కువగాఁ దలంపవచ్చును. విచారించినచో నిదియే యెఱుకల స్త్రీల నేర్పునకుఁ బ్రమాణము. పనిముట్టే సిద్ధముగా దొరకినవానికి నేర్చుకొనవలసినది పట్టు మాత్రమే. సంతలో దొరకు సూదులనుండి తన పనిముట్టును దానే కూర్చుకొనువారికి, సూదిని ఎన్నుట, కట్టుట, పట్టుట యను మూఁడును దెలియవలెను. దబ్బనము పనికిరాదు, దాని రంధ్రము పెద్దదై నెత్తురు కాఱును, నెత్తురుతోఁ గూడ మసి వెలుపలికి వచ్చును. మిక్కిలి సన్ననిసూది యొంటిగా నున్నచో వంగును. అది మోయు మసియు స్వల్పము. నడిమితరపు సూదులు మూఁడు నాలుగు చేర్చినచో నొకదాని కొకటి బలమగును. అంతేకాక, ప్రక్కప్రక్కల నున్న మొనల నడుమ ద్రవము తనంత తాను నిలుచును. చేర్చిన రెండు గాజుపలకల నడుమ నీరు ప్రాఁకునట్లే మసినీరు సూదుల సందునఁ బ్రాఁకి, మొనలు దిగినప్పుడెల్లఁ గొంచెము కొంచెముగా లోనికిఁ జేరును. ఒంటిసూదిని బోటుపోటునకు ముంచవలెను. కట్టసూది యొకమాఱు ముంచినఁ బెక్కుపోట్లకు వచ్చును.

కట్టుటయందును నిట్టి యుపయోగమే గలదు. దారము సూదులను జేర్చిపట్టుటయే గాక, మసినీటిని బీల్చి యుంచుకొనును. మొనలకు దగ్గఱగాఁ జుట్టినచో నది యొక యడ్డుకట్టవలె సూదులు లోఁతుగా దిగకుండఁ జేయును. దేహమున నన్నిచోట్లఁ జర్మ మొక్కతీరున నుండదు. మణికట్టు లోపలివైపునను, మోచేతి మడఁతయందును బలుచన. భుజముమీఁదను, పిక్కమీఁదను దళసరి. చంటిబిడ్డ చర్మమునకును, వయసుమీఱిన స్త్రీ చర్మమునకును ఎంతో భేదము. ఒకటి మొదలు రెండు మిల్లీమీటరులవఱకు దిగిన చాలును. అంతకంటెఁ దక్కువైనచో మసి రాలిపోవును. ఎక్కువైనచో మసి ప్రక్కలకుఁ బ్రాఁకి గీఁత యలుకుకొనును, నొప్పియు నెత్తురును హెచ్చును. కొలబద్ద లేక, యంత్రము లేక, వ్రేళ్ల యదుపుతోనే యీ కొలఁతను బాటించుట సామాన్యమైన నేర్పు గాదు. సుశ్రుతుఁడు కుట్టుల యెడమును గూర్చి చెప్పిన నియమము పచ్చబొట్టునకును జెల్లును. పోట్లు దవ్వైనచో గీఁత తెగును. దగ్గఱయైనచోఁ జర్మము నలిఁగి పుండగును.

ఈ విద్య యెఱుకలవారికే పరిమితమైనది కాదు. ఆదిలాబాదు ప్రాంతమున గోండులకుఁ దోటి జాతి స్త్రీలు పచ్చబొట్లు పొడుచుట యాచారము. మధ్యదేశమున బైగా, గోండు జాతులకు బాద్నీ స్త్రీ లీ పని చేయుదురు. ఈ మూఁడుచోట్లను బనివారు స్త్రీలే యగుట విశేషము. బర్మాదేశమున నిట్లు గాదు; అచ్చట నీ పని పురుషులది. వారి పనిముట్టు సుమారు రెండడుగుల పొడవుగలది. తలవైపున లోహపు బరువుండును. మొన చీలికలు గలదై యా చీలికలయందు రంగును నిలుపుకొనును. బరువు తలవైపున నుండుటచేతఁ జేయి బలమును వినియోగింపక దిశను మాత్రము చూపిన చాలును. 19వ శతాబ్దపు కడపటి భాగమునుండి కోరంగి, కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి తెలుగుకూలీలు వేలకొలఁది రంగూనునకుఁ బోయి వచ్చుచుండిరి గనుక నా దేశపుఁ బద్ధతి తెలుగువా రెఱుఁగనిది కాదు. జపానునందుఁ గఱ్ఱపిడికో వెదురుపిడికో అనేక సూదులను వరుసలుగాఁ గట్టి, చేతితో నొత్తి పొడుచుదురు. గీఁతకుఁ గొన్ని సూదులు, నీడ నింపుటకు మఱికొన్ని యధికముగా. అచ్చటి ప్రభుత్వము 1872వ సంవత్సరమున నీ పనిని నిషేధించెను. 1948వ సంవత్సరమున నా నిషేధము తొలఁగెను.

యంత్రము వచ్చిన తరువాతను సూదుల సూత్రము మాఱలేదు. ఎడిసన్ 1875వ సంవత్సరమున విద్యుత్తుతో నడచు కలమును గనిపెట్టెను. కాగితమునకు రంధ్రములు చేసి ప్రతులు తీయుట దాని పని. అట్టి యంత్రమును జర్మమునకు ననువుగా మార్చి న్యూయార్కునందలి శామ్యూల్ ఓరైలీ 1891వ సంవత్సరమున హక్కుపత్రమును బొందెను. దీనివలన సూది సెకనునకుఁ బదులకొలఁది సార్లు దిగి లేచును. నేఁటి యంత్రముల సూదులకు నంకెలు గలవు. 1209 అను నంకెయందు మొదటి రెండంకెలు సూది మందమును, అనఁగా 0.35 మిల్లీమీటరులను, కడపటి రెండంకెలు కట్టలోని సూదుల సంఖ్యను దెలుపును. వెనుక నుండు ‘ఆర్. ఎల్.’ అను నక్షరములు సూదులు గుండ్రముగా మొనలు దగ్గఱఁజేరి యున్నవని సూచించును, అది గీఁతకు. మొనలు విరిసియున్నది నీడకు. రెండు వరుసలుగాఁ బఱచినది విశాలప్రదేశమును నింపుటకు. మందము, సంఖ్య, కట్టు అను నీ మూఁడు లక్షణములే యెఱుకలసాని తన సూదులను గూర్చుకొనునప్పుడు విచారించినవి. ఆమె విచారమున కంకెలు లేవు.

ఇంతమాత్రమునఁ బూర్వపద్ధతి నిర్దుష్టమని చెప్పరాదు. ఒకే సూదికట్టతో నొకరి తరువాత నొకరికిఁ బొడుచుట ప్రమాదకరము. పచ్చకామెరలకుఁ గారణములైన హెపటైటిస్ బి, సి అను సూక్ష్మక్రిములును, ఎయిడ్సునకుఁ గారణమైన క్రిమియు నెత్తురంటిన సూదివలన నొకరినుండి యొకరికిఁ జేరఁగలవు. పసుపునీరు వీనిని జంపజాలదు. అందుచేత నేఁటి నియమము ప్రకారము ఒక సూది యొక మనిషికే. వాడిన పిదపఁ బాఱవేయవలెను. తిరునాళ్లలో చిన్నయంత్రములతోఁ బచ్చబొట్లు వేయువారియొద్ద యంత్రము క్రొత్తదైనను సూది క్రొత్తది గాకపోవచ్చును. ఆధునికత్వము సూది శుద్ధియం దున్నదిగాని యంత్రపు వేగమునందు లేదు. ఇంకొక విశేషమును శాస్త్రజ్ఞు లీ నడుమఁ గనుఁగొనిరి. 2018వ సంవత్సరమున ఫ్రాన్సుదేశీయులు ఎలుకలపైఁ జేసిన పరిశోధనమునందు, చర్మమునందలి రంగును కొన్ని జీవకణములు మ్రింగి యుంచుకొనుననియు, అవి చచ్చినప్పుడు వెలువడిన రంగును వాని తావునకు వచ్చిన క్రొత్తకణములు మరల మ్రింగుననియుఁ దేలినది. కాటిదాఁక వచ్చునను విశ్వాసమునకు దేహధర్మముననే యాధారము గలదు.

ఇట్టి జ్ఞానముగల స్త్రీల వృత్తి యేల క్షీణించెను? రుచి మాఱుట యొక కారణము. చదువుకొన్న కుటుంబములు పచ్చబొట్టును మోటుగాఁ దలఁచుట మఱియొకటి. మూఁడవదానిని జరిత్రకారులు విస్మరింపరాదు. 1871వ సంవత్సరమునఁ బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911వ సంవత్సరపు క్రొత్త చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారు దానికి లోఁబడిరి. గుంటూరుమండలమున స్టూవర్టుపురమువంటి నివేశనములు వారికై యేర్పడెను. పేరు వ్రాయఁబడినవారు తమ సంచారమును అధికారులకుఁ దెలుపవలసివచ్చెను. పచ్చబొట్టు వృత్తి యూరూరు తిరిగి చేయు వృత్తి. వీధివెంట కేకవేయుచుఁ బోవు స్త్రీని జూచి యిల్లాలు లోనికిఁ బిలిచి చేయి చాఁపవలెను. ఆ పిలుపునకు నమ్మకము మూలము. ఒక జాతినంతటిని దొంగలని చట్టమే పలికినప్పుడు ఆ నమ్మక మెట్లు నిలుచును? మద్రాసు రాజధానియందు 1947వ సంవత్సరమునను, దేశమంతట 1952వ సంవత్సరమునను ఆ చట్టము రద్దయ్యెను. రద్దగునప్పటికి దానిక్రింద రెండు తరములు గడచినవి. తల్లి కూఁతునకు నేర్పు విద్య యొక తరము తప్పినను మరల మొలకెత్తుట దుర్లభము.

పచ్చబొట్ల రూపములను ఫలకములయందు వ్రాసికొనవచ్చును, ఛాయాచిత్రములు తీసికొనవచ్చును. సూదిని గూర్చిన జ్ఞాన మట్లు దొరకదు. ఎన్ని సూదులు కట్టిరి, దారమును మొనకెంత దూరమునఁ జుట్టిరి, బిడ్డ చేతికి నెట్టిది, పెద్దచేతికి నెట్టిది, మొన మొద్దువాఱినచో నేమిచేసిరి, ఆ కట్టకుఁ దమలోఁ దామేమి పేరు పెట్టుకొనిరి అను విషయములు పనిచేసిన స్త్రీల నోటనే వినవలెను. అట్టివారిలో నేఁడు జీవించియున్నవారు వృద్ధురాండ్రు. పాఠశాలాపండితు లనేకులు పల్లెలయందే యున్నారు. ఎఱుకలవాడ వారి పాఠశాలకు దూరము గాదు. తాళపత్రములను వెదకి తెచ్చు శ్రద్ధలో నాల్గవపాలు దీనికి వినియోగించినను నిఘంటువులకుఁ గొన్ని క్రొత్తమాటలును, వైద్యచరిత్రమునకుఁ గూర్చముతోఁ బోల్చి చూడఁదగిన యొక సాధనము వర్ణనమును లభింపఁగలవు. వాగ్భటుని కూర్చము లోహరూపమున మిగిలియుండకపోయినను మాటలయందు నిలిచినది. ఎఱుకలసాని సూదికట్టకు మాటలు గూడ మిగులక పోవునేమో యన్నదియే చింతింపవలసిన విషయము.